బొమ్మ సాగదీయ: ఒక నెట్ సెంటర్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. బొమ్మ సాగదీయ బొజ్జ పెరుగునయ్య
రంగు లెక్కువైన రసము తగ్గు
వెదుకు మాట కొంత వివరముగా నున్న
వేగ దొరకు సరుకు వెబ్బులోన

అవతారిక

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ మొదలు విజయనగరం గంటస్తంభం దాకా ఏ నెట్ సెంటర్లో దూరినా గోడ మీద మూడు కాగితాలు తప్పవు. ఒకటి జెరాక్సు రేట్లు. రెండోది "అప్పు రేపు". మూడోది దరఖాస్తు ఫొటో 50 కేబీ లోపే ఉండాలన్న హెచ్చరిక. వాటి సరసన నాలుగోదిగా కనబడినదీ ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. మకుటం లేదు గనుక వేమన కాదు. వెబ్ అనేది లోకానికి తెలిసింది 1991లో గనుక అంతకు పూర్వులెవరూ కారు. నెట్ సెంటర్ కుర్రాణ్ణి అడిగితే, "ఏటో బావూ, మాం షాపు తీసుకున్నప్పట్నుంచీ అక్కడే ఉంది" అన్నాడు. అపౌరుషేయమని తేల్చడానికి ఈ సాక్ష్యం చాలు.

ఇంత చిన్న పద్యానికి టీకా ఎందుకని అడిగేవారికి స్థలమహిమ చెబుతాను. సాయణభాష్యంతో కూడిన ఋగ్వేదాన్ని మాక్స్ ముల్లర్ రెండోసారి నాలుగు సంపుటాలుగా 1890-92లో అచ్చువేయించినప్పుడు దానికి పోషకుడు విజయనగరం ప్రభువు ఆనందగజపతి. వేదభాష్యం అచ్చుకు డబ్బిచ్చిన గడ్డ మీద ఒక నెట్ సెంటర్ పద్యానికి దిక్కూ మొక్కూ లేకపోవడం న్యాయం కాదు. ఇక ప్రతిపదార్థం గ్రాంథికంలో రాస్తున్నందుకు వ్యావహారికవాది గిడుగు రామమూర్తి పంతులు గారు మన్నించాలి. టీకాకు ఆ పంచెకట్టు లేకపోతే మర్యాద దక్కదు. తాత్పర్యం దగ్గర ఆయన మాటే వింటాను.

ప్రతిపదార్థం

అయ్య = ఓ కస్టమరూ; బొమ్మన్ = ఛాయాచిత్రమును; సాగదీయన్ = ఒక్క పక్కను మాత్రమే పట్టి లాగినచో; బొజ్జ = ఉదరము, ఉపలక్షణముచేత బుగ్గలును మెడయును; పెరుగున్ = తినకయే వృద్ధి బొందును; రంగులు = వర్ణములు; ఎక్కువైనన్ = మూడింటికి మించినచో; రసము = చూచువాని కంటిని నిలుపు గుణము; తగ్గున్ = క్షీణించును; వెదుకు మాట = గూగులు పెట్టెలో కొట్టెడి పదము; కొంత వివరముగాన్ = ఊరు, ఏడు, సంగతి తోడుగా; ఉన్నన్ = ఉండినయెడల; సరుకు = కోరిన సమాచారము; వెబ్బులోనన్ = ఆ మహారణ్యమునందు; వేగన్ = రెండు మూడు నొక్కులలోనే; దొరకున్ = చేజిక్కును.

మొదటి పాదం

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం. దానికి వారం ముందునుంచే విజయనగరంలో ఫ్లెక్సీలు లేస్తాయి. ఈ పాదానికి ఉదాహరణలు కావలసినవారు ఆ రోజుల్లో మూడు లాంతర్ల దగ్గర నిలబడి తలెత్తితే చాలు. నిలువుగా తీసిన ఫొటోను అడ్డంగా ఉన్న ఫ్లెక్సీలో పట్టించాలి. అటూ ఇటూ జాగా మిగిలింది. కుర్రాడు పక్కనున్న చుక్కను పట్టి లాగాడు. జాగా నిండింది, మనిషి కూడా నిండాడు.

విధి ఏమిటంటే, పక్క చుక్కను ముట్టరాదు, మూల చుక్కనే పట్టాలి. అప్పుడు పొడవూ వెడల్పూ ఒకే లెక్కన పెరుగుతాయి. జాగా ఇంకా మిగిలితే వెనక రంగు నింపుకోవాలి, లేదా ఫొటోను పైనా కిందా కత్తిరించాలి. ఈ కత్తిరింపునే క్రాప్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాడు మొదటి నెలంతా ఇదొక్కటే సాధన చేసినా నష్టం లేదు.

ఇక్కడ శాఖాభేదం ఉంది. మూల పట్టి లాగేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి ఉంచితేనే నిష్పత్తి నిలుస్తుందని ఫొటోషాప్ ప్రాచీనుల మతం. 2018 చివర్లో వచ్చిన సీసీ 2019 కూర్పుతో అది తలకిందులైంది. షిఫ్ట్ నొక్కకపోతేనే నిష్పత్తి నిలుస్తుంది, నొక్కితే చెడుతుందని నవీనులు. పాత కూర్పు మీద చేయి తిరిగిన గురువు దగ్గర నేర్చుకుని కొత్త కూర్పు ముందు కూర్చున్న శిష్యుడు గురువాక్యం పాటించి మరీ బొజ్జ పెంచుతాడు. ఏ కూర్పో చూసుకోకుండా సూత్రం అప్పగించడం వేదపాఠంలో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

పూర్వపక్షం: "నా మొకం పెద్దగా అవుపడాల బావూ. వాట్సాప్‌లో ఎట్టినాను, దాన్నే పెంచీ."

సిద్ధాంతం: వాట్సాప్ ఫొటోను మామూలుగా పంపితే కుదించి పంపుతుంది. అలా వచ్చిన ఫొటో వెడల్పు 1600 పిక్సెళ్లు అనుకుందాం. పది అడుగుల ఫ్లెక్సీ అంటే 120 అంగుళాలు. భాగిస్తే అంగుళానికి 13 చుక్కలు. పుస్తకంలో బొమ్మ స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 కావాలి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు గనుక అంత అక్కర్లేదు, నిజమే. కానీ 13 అయితే అభిమాన నాయకుడి ముక్కు మెట్లు మెట్లుగా వస్తుంది. లేని చుక్కలను పెంచడం వల్ల పుట్టించలేము. కనుక ఫొటోను "డాక్యుమెంట్"గా పంపమని అడగడమే మార్గం. అలా పంపితే కుదింపు ఉండదు.

దీనికి ఎదురు సమస్య దరఖాస్తుల కాలంలో వస్తుంది. ఫ్లెక్సీకి పెంచాలి, ఫారానికి 50 కేబీకి తగ్గించాలి. ముందు కత్తిరించు, తరువాత పిక్సెళ్లు తగ్గించు, అప్పటికీ లొంగకపోతే జేపెగ్ నాణ్యత తగ్గించు. ఈ క్రమం తప్పితే హాల్‌టికెట్ మీద అభ్యర్థి బదులు మసక మిగులుతుంది. జేపెగ్ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయింది మళ్లీ రాదు. అసలు ఫొటోను వేరే పేరుతో దాచి, నకలు మీదే కత్తి ఆడించాలి. వెనక రంగు తీసేసిన లోగోనైతే పీఎన్‌జీగా దాచాలి. జేపెగ్‌కు పారదర్శకత తెలియదు, ఖాళీ ఉన్నచోట తెల్లసున్నం పూస్తుంది.

రెండో పాదం

దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎర్ర పలక మీద నీలం అక్షరాలు పెట్టరాదు, అంతే. అక్షరానికీ వెనకనున్న రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ వారి మార్గదర్శకం. అరసవల్లిలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఫోన్ చదివేవాడిని ఊహించుకుంటే ఆ లెక్క ఎందుకో బోధపడుతుంది.

రంగుల గురించి చెప్పిన కవి అక్షరాల గురించి చెప్పకపోవడం లోపమా? కాదు. "రసము" అన్నచోటే అక్షరం అధ్యాహారం. తెలుగులో వెబ్ పేజీ కట్టేవాడు ఇంగ్లీషు పేజీ కొలతలు తెచ్చి పెడితే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదని నా లెక్క. మాటకింద గీత గీస్తే ఒత్తుల గొంతు తెగుతుంది కాబట్టి ఆ సరదా మానుకోవాలి. పేజీకి రెండు ఫాంట్లు చాలు. ఫొటోలను ఫోన్ తెరకు తగ్గట్టు కుదించి ఎక్కించాలి. సీతంపేట కొండల్లో సిగ్నల్ ఒక్క గీత ఉన్నవాడికి కూడా మన పేజీ తెరుచుకోవాలి గదా.

విశేషం: గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గురజాడ, ఇంకొకదాని పేరు గిడుగు. కన్యాశుల్కం రాసిన విజయనగరం కవికీ, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన వ్యావహారిక భాషోద్యమకారుడికీ ఇంతకన్నా తగిన గౌరవం ఉండదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వారిని ఏలిన శ్రీకృష్ణదేవరాయ, అందరూ ఆ వరుసలో ఉన్నారు. ఎన్టీఆర్ కూడా ఉన్నారు. సొంత జిల్లాల్లోని ఫ్లెక్సీ దుకాణాల్లో గిడుగునూ గురజాడనూ పలకరించేవాడు అరుదు. దానికి కారణం నాలుగో పాదంలో తేలుతుంది.

మూడో పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. "వివరముగా" అన్నాడు గాని "పొడవుగా" అనలేదు, గమనించాలి. గూగుల్‌కు ఉత్తరం రాయక్కర్లేదు.

బొబ్బిలి అని ఒట్టిగా వెదికితే ఏం దొరుకుతుంది? 1964 నాటి బొబ్బిలి యుద్ధం, 1982 నాటి బొబ్బిలిపులి, 1984 నాటి బొబ్బిలి బ్రహ్మన్న, 1990 నాటి బొబ్బిలిరాజా. వీణ కోసం వెళ్లినవాడు సినిమా హాల్లో తేలతాడు. "బొబ్బిలి వీణ గొల్లపల్లి" అని కొడితే ఆ వీణలు చెక్కే ఊరికి చేరతాడు. అదే వివరం.

విజయనగరం అని వెదికితే సగం మేర హంపీ వస్తుంది. అప్పుడు మైనస్ గుర్తు పెట్టి, మధ్య ఖాళీ వదలకుండా హంపి అని రాయాలి. ఆ మాట ఉన్న పేజీలు తొలగిపోతాయి. శ్రీకాకుళంలో గుడి అంటే ఇంకో చిక్కు. కృష్ణాతీరంలో ఘంటసాల దగ్గర మరో శ్రీకాకుళం ఉంది, ఆంధ్రమహావిష్ణువు ఉన్నదక్కడే, ఆముక్తమాల్యద అవతారికలో చెప్పిన రాయల కల వచ్చిందీ అక్కడే. అరసవల్లి సూర్యుడి గుడికి రావలసిన వాడు మ్యాపు నమ్ముకుని అక్కడికి పోతే తప్పు సూర్యుడిది కాదు.

పాత సంగతులు వెదికేవారు పాత పేర్లతో వెదకాలి. దొరల కాగితాల్లో శ్రీకాకుళం "చికాకోల్". జిల్లాగా ఏర్పడిందే 1950లో. అంతకు ముందరి సంగతి గంజాం, విశాఖపట్టణం జిల్లాల కింద ఉంటుంది. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. పార్వతీపురం 2022 ఏప్రిల్‌లో వేరు జిల్లా అయింది, కాబట్టి 1979 నుంచి అప్పటిదాకా ఉన్న కాగితం విజయనగరం ఖాతాలో దొరుకుతుంది. పైన చెప్పిన ఆనందగజపతి గారి సంగతే చూడండి. ఆ ఋగ్వేదం మొదటి పుటలో ఊరిపేరు "విజయనగర" అని అచ్చయింది. ఇంగ్లీషులో మనం ఇప్పుడు రాసే వర్ణక్రమంతో వెదికితే ఆ పుస్తకం తగలకపోవచ్చు, తగిలినా హంపీ రాజులు చేయించారనుకునే ప్రమాదం ఉంది. తారీఖు చూసి ఆగితే బతికిపోతాం.

ఉన్నది ఉన్నట్టు కావాలంటే మాటల చుట్టూ జంట కొటేషన్లు పెట్టాలి. ఒకే సైటులో వెదకాలంటే ఇంగ్లీషులో సైట్ అని రాసి, పక్కన రెండు చుక్కలు (కోలన్) పెట్టి, ఆ సైటు చిరునామా కలపాలి. మొదట వచ్చినవన్నీ మొనగాళ్లు కారు. పైన చిన్న అక్షరాలతో ప్రాయోజితమని (స్పాన్సర్డ్) ఉంటే అది డబ్బిచ్చి కొన్న కుర్చీ. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన నాటినుంచి శ్రీకాకుళం జిల్లా వాళ్లకు తుపాను ఫొటో అంటే గుండె దడ. ఎక్కడిదో సముద్రం బొమ్మ వచ్చినప్పుడు, ఆ బొమ్మనే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెదికితే ఏ దేశంలో ఏ ఏట తిరిగిందో చాలాసార్లు బయటపడుతుంది. మాటతోనే కాదు, బొమ్మతోనూ వెదకవచ్చునని "బొమ్మ"తో పద్యం ఎత్తుకున్న కవి హృదయం.

నాలుగో పాదం

"వేగ దొరకు సరుకు" అని కవి ధీమాగా అన్నాడు. పరీక్షిద్దామని ఈ పద్యాన్నే కొటేషన్లలో పెట్టి వెదికాను. దొరకలేదు. కవి అబద్ధమాడాడా?

ఆడలేదు. మన ఊళ్లలో పెళ్లికార్డులు, జాతర కరపత్రాలు, సావనీర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టారు. ఇలాంటి పాతతరం ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. కంటికి అది తెలుగు. కంప్యూటర్ కడుపులో అర్థంలేని ఇంగ్లీషు కీచులాట. కాపీ చేసి వేరేచోట పెడితే ఆ సంగతి కనబడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 గదులు కేటాయించారు. అక్కడ కూర్చున్న అక్షరమే వెదికేవాడికి అక్షరం. గిడుగు, గురజాడ ఫాంట్లు ఆ గదులకు చెందినవి. పాత అలవాటు మీద పనిచేసే దుకాణాల్లోకి ఆ ఇద్దరూ అందుకే రాలేకపోయారు.

పైగా ఆ కొట్టినదాన్నీ ఫొటోగా మార్చి ఫేస్‌బుక్‌లో ఎక్కిస్తాం. పొందూరు ఖద్దరు నేత మీద ఎవరో పెద్దాయన పాతికేళ్ల కిందట రాసిన వ్యాసం అలా బొమ్మై ఊరుకుంటుంది. బొమ్మలోని అక్షరాలను చదివే యంత్రాలు వచ్చాయి గాని, ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాయి. ఆ వ్యాసం ఎంత ఘనమైనదైనా, వెదుకు మాటకు ఒక చివర వివరం ఉంటే సరిపోదు, రెండో చివర కూడా మాటే ఉండాలి. ఉత్తరాంధ్ర గురించి నెట్‌లో ఏమీ లేదని విసుక్కునేవారు చాలామంది. ఉంది, బొమ్మలుగా ఉంది. పద్యం మొదటి పాదంలోని బొమ్మ నాలుగో పాదంలోని సరుకును మింగేసిందని అన్వయించుకోవాలి. నాలుగు పాదాలూ విడివిడి చిట్కాలని ఇతర వ్యాఖ్యాతలు అనవచ్చు, నేను ఒప్పుకోను.

పూర్వపక్షం: "పాత ఫైళ్లన్నీ అనూలోనే ఉన్నాయి బావూ. ఇప్పుడేటి సేస్తాం?"

సిద్ధాంతం: అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉన్నాయి. ఫైలులోని పాఠం అందులో పెడితే క్షణంలో మారుతుంది. కాని క్ష, జ్ఞ, రకార ఒత్తులు, అరసున్నలు కొన్నిచోట్ల తారుమారవుతాయి గనుక ఒక మనిషి కూర్చుని మూలంతో పోల్చి దిద్దాలి. పేజీకి ఎంత తీసుకుంటావని కుర్రాణ్ణి అడిగాను.

"మార్చడానికి డబ్బుల్లేవు బావూ. దిద్దడానికయితే మీరే రావాల."