బెళుగుప్పలో కొలువు, అనంతపురంలో కాపురం: బదిలీపై వచ్చేవారికి చిట్కాలు

బదిలీ ఉత్తర్వులో బెళుగుప్ప మండలం పేరు చూసి బెంబేలెత్తకండి. జనం ముంగిట్లోకి పాలన రావాలని ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లో మండలాలు పెట్టింది. ఆఫీసు ఎలాగూ వచ్చింది. మీరూ రావాలా ఏంటి?

1. ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకోండి. అది ఉండటానికి కాదు, చిరునామాకు. కాపురం అనంతపురంలో పెట్టి, ఎవరైనా అడిగితే "పిల్లల చదువు" అనండి. మీరు ఇక్కడి సర్కారు బడిలో టీచరైతే ఈ మాట ఇంకా గట్టిగా అనండి.

2. నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి. దారిలో ఆగి ఉగ్గాని, బజ్జీ తినండి. ఆలస్యమైతే "బస్సు లేటు" అనండి.

3. 2022 ఆగస్టు నుంచి టీచర్ల హాజరుకు ముఖం చూసే యాప్ వచ్చింది. భయపడొద్దు. దానికి ముఖం ఒక్కటే చాలు. మధ్యాహ్నం మూడు నుంచే మీ మనసు ఇంటిదారి పట్టినా అది కనిపెట్టలేదు.

4. శెనక్కాయ చేను వాడిపోయిందని రైతు వస్తే, "నిన్న అనంతపురంలో బాగా కురిసిందే!" అని ఆశ్చర్యపోండి. ఇంకా నిలబడే ఉంటే, "సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చుకో పెద్దాయనా" అనండి. పాపం, ఛార్జీలు పెట్టుకుని మీరుండే ఊరికే వస్తాడు.

5. ఊరి అంగట్లో టీ తప్ప ఏమీ కొనకండి. జీతం ఇక్కడిది, ఖర్చు అక్కడ. చుట్టుపక్కల గాలిమరల కరెంటూ అంతేగా, పుట్టేది ఇక్కడ, పోయేది బయటికి.

6. శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా నీళ్లను హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసుకుంటూ ఈ మండలంలోని జీడిపల్లి జలాశయం దాకా తెచ్చారు. అక్కడ ఫొటో దిగి గ్రూపులో పెట్టండి. "అంత దూరం నుంచి నీళ్లే వచ్చి ఇక్కడ నిలిచాయి, మీరు నిలవలేరా సార్?" అని ఎవరైనా అడిగితే, నీళ్లకు పిల్లల చదువుల బాధ లేదని చెప్పండి.

7. రిటైరయ్యే రోజు శాలువా కప్పించుకుని, "ఈ ఊరితో నాది విడదీయలేని బంధం" అని మాట్లాడండి. సభ మాత్రం నాలుగింటికల్లా ముగించమని ముందే చెప్పిపెట్టండి. కారులో మిగతా ముగ్గురూ ఆగరు.