భయం 7, ఆశ 8

ఆ ‘పండగ డిసిప్లిన్’ పీడీఎఫ్ మీకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీకు చుట్టాలు తక్కువన్నమాట. నాకు భోగి ముందు రోజుకే ఐదుగురు పంపారు. అందులో ఇద్దరు నాకు బాకీ.

సెలవుల్లో క్రిప్టో మార్కెట్ పలచబడుతుంది, చిన్న ఆర్డరుకే ధర ఎగిరిపడుతుంది, కాబట్టి పండగ మూడు రోజులూ పొజిషన్ సగానికి దించండి, స్టాప్‌లాస్ పెట్టకుండా విస్తరి ముందు కూర్చోకండి. ఇదీ సారం. ఇందులో తప్పేమీ లేదు. తప్పు లేదు కనకనే నాకు ఒళ్లు మండుతోంది.

మా తమ్ముడి అల్లుడు దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బుద్ధిమంతుడు, పెళ్ళయ్యాక ఇది రెండో సంక్రాంతి. భోగినాడు చీకటితోనే మేమంతా మంట చుట్టూ చేరి విరిగిన కుర్చీలూ పాత తలుపు చెక్కలూ వేస్తుంటే ఆయనొక్కడూ అరుగు మీద ఫోను వెలుగులో కూర్చున్నాడు. “రండి బాబూ, చలి కాచుకుందురుగాని” అన్నాను. “ఐదున్నరకి డైలీ క్యాండిల్ క్లోజవుతుంది పెద్దమావయ్యగారూ, చూసుకుని వచ్చేస్తా” అన్నాడు. గ్రీనిచ్‌లో అర్ధరాత్రయితే మనకి ఐదున్నర. భోగిమంటకీ ఆ క్యాండిల్‌కీ ముహూర్తం కలిపినవాడెవడో గాని మహానుభావుడు.

ఆ పీడీఎఫ్‌లోని పన్నెండు నియమాల్లో పదకొండింటిని నేను క్షమించగలను. పండగ ఆఫర్ కింద కోర్సు సగం ధరకే ఇస్తామన్న చివరి పేజీని కూడా క్షమిస్తాను. ఏడో నియమం దగ్గరే నాకు గొంతు దిగడం లేదు. ట్రేడ్ తీసుకునే ముందూ తర్వాతా మనసులో ఏముందో రాసుకోవాలట. భయానికి పదికి ఎన్ని, ఆశకి పదికి ఎన్ని. దీని పేరు ఎమోషన్ జర్నల్.

అల్లుడు మా తమ్ముడి బల్ల మీద ఎరువుల కొట్టువాళ్ళు పంచిన డైరీ ఉంటే తీసుకుని మొదలెట్టేశాడు. సంక్రాంతి పొద్దున పక్కలు సర్దబోయిన మా మరదలి కంట అది పడింది. కొంగుచాటున పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “బావగారూ, అల్లుడుగారికి ఒంట్లో బాలేదండి. బీపీ రాసుకుంటున్నట్టున్నారు. పొద్దున భయం 4 అంట, మధ్యాన్నానికి 7, రాత్రి రెండింటికి 9. ఇంత భయపడుతుంటే అమ్మాయి మనకి ఒక్క ముక్కయినా చెప్పదేంటండీ?”

చదవకూడదు. చదివాను.

“1.32. భయం 7. ఆశ 8. కారణం: ఫండింగ్ కట్టయింది. అరిసెలు ఎక్కువయ్యాయి.” చాలా ఎక్స్ఛేంజీల్లో ఎనిమిదేసి గంటలకి ఈ ఫండింగ్ అనేది, ధర పెరుగుతుందన్నవాళ్లూ తగ్గుతుందన్నవాళ్లూ అనే రెండు పక్షాల్లో ఒకదాన్నుంచి కోసి రెండోదానికి ఇస్తారు. మన గడియారంలో పొద్దున 5.30, మధ్యాహ్నం 1.30, రాత్రి 9.30. మధ్యాహ్నంది సరిగ్గా మా ఇంట్లో విస్తళ్లు వేసే వేళ.

ఇంకో పేజీలో: “11.40. ప్లాన్‌లో లేదు కాబట్టి ట్రేడ్ తీసుకోలేదు. శభాష్.” దాని కిందే: “11.52. తీసుకున్నాను.” ఆ కింద ఎర్రసిరాతో రెండు గీతలు, డిసిప్లిన్ అని మూడు ఆశ్చర్యార్థకాలు.

ముప్ఫై ఏళ్లు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి. దీన్ని జర్నల్ అనరు, ఇంపోజిషన్ అంటారు. ‘ఇకమీదట ఇలా చేయను’ అని వందసార్లు. నేను రాయించినప్పుడు కనీసం ఆ పిల్లవాడేదో చేసి ఉండేవాడు, పైగా రాసినందుకు నాకు ఫీజు కట్టేవాడు కాదు. ఇక్కడ డబ్బు పోకముందే తప్పెవరిదో తేల్చేశారు, ముద్దాయి చేతనే స్వహస్తాలతో రాయించుకుంటున్నారు.

మా వైపు కోడిపందేల బరుల దగ్గరా శాస్త్రం ఉంది. (పందేలు చట్టవిరుద్ధమని తెలుసు. పోలీసులకీ తెలుసు.) భోగినాడు ఏ రంగు కోడి గెలుస్తుందో, ఏ దిక్కునుంచి వదలాలో కుక్కుటశాస్త్రం చెబుతుంది. వాళ్లకి డేగ, కాకి, నెమలి, సేతువ. అల్లుడి క్యాండిళ్లకి సుత్తి, డోజీ, ఉరేసుకున్న మనిషి. శాస్త్రానికీ శాస్త్రానికీ నాకు తేడా కనిపించలేదు. కాకపోతే బరి దగ్గర ఓడినవాణ్ణి పట్టుకుని నీకు డిసిప్లిన్ లేదురా అని ఎవడూ అనడు. కోడి పోయిందంటారు. ఆ కోజ, అదే ఓడిన కోడి, ఎవరో ఒకరి ఇంట్లో కూరై ఉడుకుతుంది.

2025 అక్టోబరు 10 గుర్తుందా? దీపావళికి పది రోజుల ముందు. చైనా సరుకుల మీద ఇంకో వంద శాతం సుంకమని ట్రంప్ ప్రకటించేసరికి మనకి అర్ధరాత్రి దాటిపోయింది. ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్ల పైచిలుకు పొజిషన్లు ఊడ్చుకుపోయాయి. పదహారు లక్షల మంది. వాళ్లలో స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లు లేరా? ధర స్టాప్ దగ్గర నిలబడితే కదా అమ్ముడయ్యేది, దాన్ని దాటి దూకేసింది. అవతల చెల్లించేవాడు లేక, గెలుస్తున్నవాళ్ల పొజిషన్లు కూడా కొన్ని ఎక్స్ఛేంజీలు తమంతట తామే మూసేశాయి. రాసుకున్న నిబంధనల్లోనే ఉందట. ఆ రాత్రి డిసిప్లిన్ తప్పిందెవరు? ఆ ఎక్స్ఛేంజీలు ఏ డైరీలో రాసుకున్నాయి, భయమెంతో ఆశెంతో?

సర్కారు సంగతీ చూడండి. 2022 ఏప్రిల్ 1 నుంచి కాయిన్ అమ్మగా వచ్చిన లాభం మీద 30 శాతం పన్ను. ఒకదాంట్లో లక్ష వచ్చి ఇంకోదాంట్లో లక్ష పోయిందనుకోండి, చేతిలో సున్నా. కట్టాల్సింది మాత్రం సెస్సుతో కలిపి 31,200. పోయిన లక్షని వచ్చిన లక్షలోంచి తీసెయ్యనివ్వరు, వచ్చే ఏటికీ మొయ్యనివ్వరు. ఒక శాతం టీడీఎస్ వేరే. పన్నెండు నియమాలు రాసినవాడికి ఈ లెక్క తెలియదా? తెలుసు. రాస్తే కోర్సు ఎవడు కొంటాడు? మార్కెట్ దోచినా, ఎక్స్ఛేంజీ మూసినా, పన్ను మింగినా, తప్పు మాత్రం అరిసెలు ఎక్కువ తిన్న కుర్రాడిది. వాణ్ణి అర్ధరాత్రి రెండింటికి లేపి కూర్చోబెట్టి నీ మనసు నీ అదుపులో లేదని చెప్పడం సిగ్గుమాలిన పని.

కనుమనాడు కాకైనా కదలదంటారు. అల్లుడూ కదల్లేదు, డాబా మీంచి. సిగ్నల్ అక్కడే బాగుంటుందట. ఒంటిగంటన్నర కావస్తోంది. అది బీపీ కాదమ్మా, బిట్‌కాయినూ అని రెండు రోజులుగా చెబుతున్నా మా మరదలు నమ్మలేదు. ఆయన వాయి గారెలు వేరే తీసి మూత పెట్టింది, ఉప్పు తగ్గించి.