వీపు మీది రాత

ఏడుగురం. అందరికీ యాభై దాటాయి. ముగ్గురికి షుగరు, ఒకడికి గుండెలో స్టెంటు. రాజమండ్రి నుంచి కొత్తపేట దాటాక కాలవగట్టున ఉన్న మా ఊరి దాకా, 40 కిలోమీటర్ల పైచిలుకు సైకిళ్లు తొక్కాలని పెట్టుకున్నాం. మేం తొక్కే ఒక్కో కిలోమీటరుకీ తెలిసినవాళ్లు ఇంతని ఇస్తారు. వచ్చిన డబ్బుతో మేం అక్షరాలు దిద్దిన ఎలిమెంటరీ స్కూలుకి ఓ గది కట్టించాలి. మా రోజుల్లో ఉన్న ఒక్క గదీ అయిదో తరగతిది. మిగతా నాలుగూ నేరేడు చెట్టు కింద. వానొస్తే సెలవు. అందుకే మా అందరి నోటా ఒకటే మాట, గది.

లెక్కలు నావి. డల్లాస్‌లో ఉన్న మావాడు కిలోమీటరుకి 20 డాలర్లన్నాడు. "తొక్కేది మీరు, డబ్బులు మావా?" అన్నాడు సొంత బావమరిది. లక్ష దగ్గర బండి ఆగిపోయింది. అప్పుడు దొరికారు ఓ కరస్పాండెంటు గారు. పక్క టౌన్లో ఆయనకి ఇంగ్లీషు మీడియం స్కూలుంది. కాఫీ తెప్పించి, "మంచి పని సార్. 50 వేలు నావి. టీషర్టులూ నావే. ముందువైపు మీ ఇష్టం. వీపు మాత్రం నాకొదిలెయ్యండి" అన్నారు. అంత తేలిగ్గా ఎవరూ ఇవ్వలేదు మరి. రెండో కాఫీ కూడా తాగి వచ్చాను.

జులైలో ఓ శనివారం చీకటితోనే బయల్దేరాం. ధవళేశ్వరంలో మొదటి అలుపు తీర్చుకుంటుంటే మా హిస్టరీ మాస్టారు అందుకున్నాడు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు గనక కాలవలు, కాలవలున్నాయి గనక గట్లు, గట్లున్నాయి గనక మనకీ చెట్లనీడ అని. వాడు మాట్లాడితే మాకు అలుపు తీరుతుంది, వాడికి పెరుగుతుంది. కడియపులంక నర్సరీల దాకా హుషారుగానే తొక్కాం. జొన్నాడ వంతెన మీద గౌతమి గాలి ఎదురుకొట్టింది. ఒకడి వెనక ఒకడు చేరి, ముందున్నవాడి వీపు చూస్తూ తొక్కాం. చూడ్డమే గానీ, చదివినవాడు లేడు.

రావులపాలెంలో అరటి గెలలు అటూ ఇటూ వేలాడేసిన పాత సైకిలొకటి మమ్మల్ని దాటిపోయింది. తొక్కుతున్నాయన మాకంటే పదేళ్లు పెద్ద. ఆయనకి గేర్లూ లేవు, కిలోమీటరుకి ఇంతని ఇచ్చేవాళ్లూ లేరు.

కొత్తపేట దాటాక ఊళ్లు తిరిగే పసుప్పచ్చ బస్సొకటి వెనక నుంచి వచ్చింది. కిటికీల్లోంచి పిల్లలు ఒకటే కేకలు, ఈలలు. "చూశావా, మంచిపనేదో పిల్లలకి ఇట్టే తెలిసిపోద్ది" అన్నాడు స్టెంటువాడు. చేతులూపాం.

బడి దగ్గర టీచరు గారు బంతిపూల దండలతో ఎదురొచ్చారు. నేరేడు చెట్టు లేదు. దాని చోట ఎప్పుడో కట్టిన రెండో గది ఉంది, తాళం వేసి.

"కొత్త గది ఎటువైపు కట్టమంటారమ్మా?" అన్నాను.

"ఉన్నదే మూసేశామండి" అన్నారావిడ మెల్లిగా.

"పిల్లలేరీ?"

"వీళ్లేనండి."

వరండాలో తొమ్మిదిమంది. పోయినేడు 31 మందట.

"మిగతావాళ్లంతా ఏమైపోయినట్టు?" గట్టిగానే అడిగాను. లక్షన్నర జేబులో ఉన్నవాడి గొంతు కదా. టీచరు గారు జవాబివ్వకుండా నీళ్ల గ్లాసు అందించారు. అందుకోడానికి అటు తిరిగాను.

వెనక నుంచి సన్నటి గొంతు. రెండో తరగతి పిల్ల, రెండు జడలు, వేలు గాల్లో కదుపుతూ నా వీపు మీద కూడబలుక్కుంటోంది.

"అ...డ్మి...ష...న్లు జ...రు...గు...చు...న్న...వి. మీ... ఊ...రి...కే... బ...స్సు."

టీచరు గారు కళ్లతో వారించారు. పిల్ల ఆగితేనా! తప్పు లేకుండా చదివేశానన్న సంబరం దాని మొహంలో.

"మా అన్నయ్య ఎక్కే బస్సేనండీ ఇది! మీరూ ఆ స్కూలోళ్లేనా అండీ?"