ఎర్త్ పెట్టడంలో మనకు సాటెవరు?

ఎర్త్ పెట్టడం అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది రాగి తీగ కాదు, పక్క సీటువాడు. మేనేజరు చెవిలో ఓ మాట ఊది, ఎదుటివాడి ప్రమోషన్ కింద గొయ్యి తవ్వడమన్నమాట. ఈ విద్యకు మనకు మీటరు అక్కర్లేదు, టెస్టింగ్ అక్కర్లేదు. నేలలో పెట్టాల్సిన అసలు ఎర్త్ దగ్గరికొచ్చేసరికే చేతులు ఆడవు.

మా మేనల్లుడు తిరుపతి దగ్గర ఫోన్ బోర్డులు బిగించే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు చూస్తే ఎడమ మణికట్టు చుట్టూ తాయెత్తు కట్టి విప్పినట్టు మచ్చ.

"ఇదేంట్రా?"

"ఎర్త్ పట్టీ మామయ్యా."

మనిషి ఒంట్లో సుమారు మూడు వేల వోల్టుల స్టాటిక్ విద్యుత్తు పోగైతేగానీ వేలికి చురుక్కుమనదు. కొన్ని చిప్పులకు వంద వోల్టులే ఎక్కువ. అంటే మనకు చీమ కుట్టినట్టైనా లేకుండా వాటి ప్రాణం తీయగలం. అక్కడికక్కడే పోతే నయమే. కొన్ని కొనఊపిరితో ఫోన్లోకి చేరి, వారంటీ అయిపోయిన మర్నాడు కన్నుమూస్తాయి. అందుకే మణికట్టుకు పట్టీ, పట్టీకి వైరు, వైరు చివర ఓ మానిటర్ పెట్టె. పట్టీ వదులైనా, వైరు తెగినా ఎర్రలైటు వెలిగి కుయ్యోమంటుంది.

"కుయ్యోమంటే ఏం చేస్తారు?"

"ముందు సౌండ్ ఆపుతారు."

ఒకరోజు వరస మొత్తం కుయ్యోమందట. సూపర్‌వైజరుకు చిప్పులకన్నా ఆ పూట టార్గెట్ మీద దిగులు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంది. "దానికేముంది సార్, న్యూట్రల్ నుంచి లాగేద్దాం, అదీ నేలకే కదా పోయేది" అన్నాడు. పట్టీ వైర్లు పాడైన చోట మామూలు వైరు ముక్కలు కట్టాడు. మోత ఆగింది, పచ్చలైట్లు వెలిగాయి. అందరూ టీకి వెళ్లారు.

ఇప్పుడు పైన ఎక్కడో న్యూట్రల్ తెగిందనుకోండి. ఆ లైను మీద ఫ్యాను ఒక్కటి ఆన్‌లో ఉన్నా చాలు, ఫేజు దాన్లోంచి తిరిగొచ్చి వరసలో కూర్చున్న వాళ్లందరి మణికట్లకూ 230 వోల్టులు తొడుగుతుంది. అసలు పట్టీ వైరులో ఇందుకే ఒక మెగోమ్ రెసిస్టర్ దాచిపెడతారు. అది ఉంటే ఆ 230 వోల్టులకు కూడా ఒంట్లోంచి పావు మిల్లీ ఆంపియరు పారదు, మనిషికి తెలియనే తెలియదు. మామూలు వైరు ముక్కలో ఆ దేవుడు లేడు.

మోత ఆపే బుద్ధి మన ఒక్కళ్ల సొత్తూ కాదు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో ఇంటి మీద ఇనుప కడ్డీ నిలబెట్టి, లోపల గంటలు కట్టాడు. మబ్బు విద్యుత్తు నింపుకొస్తే గంటలు మోగేవి. కొన్నేళ్లకు ఆయనేమో లండన్‌లో, భార్య డెబొరా ఏమో ఆ ఇంట్లో. ఆ గణగణలకు హడలిపోయి ఆవిడ ఉత్తరం రాస్తే, రెండు గంటలనూ ఓ తీగతో కలిపెయ్యి, చప్పుడు లేకుండా పోతుందని 1758లో జవాబు రాశాడు. గంట ఆపాడు గానీ, మెరుపు నేలకు పోయే దారి మాత్రం మూయలేదు. మనవాళ్లు దారి మూసి గంట ఆపారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గియోర్గ్ రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి కడ్డీనే ఇంట్లోకి తెచ్చుకుని కొలిచే పరికరానికి కట్టాడు. నేలకు కట్టలేదు. 1753లో ఉరుములతో కూడిన గాలివాన వస్తే కొలత చూద్దామని ముందుకు వంగాడు. ఎర్త్ లేని చోట తానే ఎర్త్ అయ్యాడు పాపం.

చేయాల్సిందేమీ బ్రహ్మవిద్య కాదు. కరెంటు కట్టేసి వైర్లు బిగించాలి. బల్ల మీది మ్యాట్‌కు ఒక ఎర్త్ వైరు, మానిటర్‌కు ఇంకొకటి తెచ్చి ఒకే చోట కలపాలి. రంగు వేసిన బల్ల కాలికి క్లిప్పు తగిలిస్తే అది రంగుకే తగులుకుంటుంది. అంతా అయ్యాక పట్టీ కావాలని విప్పి చూడాలి, మోగకపోతే పని కానట్టే. గాలిలో స్టాటిక్ పసిగట్టే ప్రోబుంటే దాని మీటరుకూ ఎర్త్ ఇవ్వాలి. లేకపోతే తన ఒంట్లో పోగైందాన్ని కూడా ఎదుటివాడి లెక్కలో రాసేస్తుంది, మన విచారణ సంఘాల్లాగా.

ఫ్యాక్టరీని అని ఏం లాభం, ఇళ్లు చూడండి. త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్నును పొడుగ్గా చేసింది అందరికంటే ముందు తగిలి చివర్లో ఊడాలని. మనం దాన్ని అడ్డమని విరిచేస్తాం. టూపిన్ దూర్చడానికి పై కంతలో పెన్ను మూత గుచ్చుతాం. బొగ్గూ ఉప్పూ వేసి కట్టిన ఎర్త్ గొయ్యికి వేసవిలో నాలుగు బిందెల నీళ్లు పొయ్యమంటే, దాని మీద టైల్స్ పరిచి స్కూటర్ నిలబెడతాం.

"మరి నువ్వు ఎవరికీ చెప్పలేదట్రా?" అని మేనల్లుణ్ణి అడిగాను.

"చెప్పాను మామయ్యా. మర్నాడే ప్యాకింగ్‌కి మార్చారు. ఎవరో నాకు ఎర్త్ పెట్టారు."

ఆ వరసలో పచ్చలైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయట.