‘టేక్’ శబ్ద వ్యాఖ్య, అను చీనా విద్యార్థి బోధిని

అవతారిక: వ్యాఖ్యానం చదివి పరీక్ష రాయడం చీనావారికి కొత్త కాదు. కన్ఫ్యూషియస్ గ్రంథాలకు చూ శీ పండితుడు రాసిన వ్యాఖ్యలే 1313లో వెలువడిన రాజాజ్ఞతో ఉద్యోగ పరీక్షలకు ప్రమాణమయ్యాయి. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యేవరకు వాటికి ఎదురు లేదు. కాబట్టి వ్యాఖ్యాత మల్లినాథసూరి పుట్టిన తెలుగుదేశం నుంచి వారికోసం ఒక టీకా వెలువడటంలో అనౌచిత్యం ఏమీ లేదు.

సందర్భం: లండన్‌లో చదువుకుంటున్న చెంగ్డూ కుర్రవాడొకడు జ్వరంతో ఆసుపత్రికి పోగా, నర్సు ఇట్లు పలుకుచున్నది.

మూలం: టేక్ ఎ సీట్. ఐ విల్ టేక్ యువర్ టెంపరేచర్. టేక్ దీజ్ టాబ్లెట్స్. టేక్ ఎ టాక్సీ హోమ్. టేక్ యువర్ టైమ్.

మందమతుల అన్వయం: ఆ కుర్రవాడు బడిలో ‘టేక్’ అంటే ‘నా’ అని నేర్చుకున్నాడు. నా = చేత పట్టుకొను. (తెలుగువారు దీన్ని ‘నాది’ అని చదువుకోరాదు, అర్థం కాస్త దగ్గరదే అయినా.) ఆ లెక్కన వాడు కుర్చీ చేతపట్టుకోవాలి. వాడి జ్వరం నర్సు పట్టుకుపోతుంది, అది మేలే. మాత్రలు జేబులో వేసుకుని, టాక్సీని మోసుకుంటూ ఇల్లు చేరాలి.

ప్రతిపదార్థం: సీట్ = కుర్చీయందు, టేక్ = కూర్చొనుము; టెంపరేచర్ = ఒంటి వేడిని, టేక్ = కొలిచెదను; టాబ్లెట్స్ = మాత్రలను, టేక్ = మింగుము; టాక్సీ = అద్దెకారును, టేక్ = ఎక్కుము; టైమ్ = కాలమును, టేక్ = ... ఇక్కడ పదవిభాగం పనికిరాదు. మొత్తానికి ‘తొందరలేదు నాయనా’ అని గ్రహించునది. చీనావారు ఇదే భావానికి ‘మాన్‌మాన్ లాయ్’ అంటారు. అక్షరాలా ‘మెల్లమెల్లగా రా’ అని. వచ్చేవాడు ఎవడూ లేకపోయినా అలాగే అంటారు.

విశేషం: చీనా భాషలో మందును ‘తింటారు’. అందుకే వారి పిల్లలు ఇంగ్లీషులో ‘ఈట్ మెడిసిన్’ అని పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకుంటారు. మనం నవ్వే పని లేదు. మాత్ర వేసుకుని, చొక్కా వేసుకుని, తలుపు వేసుకుని పోయే జాతి మనది.

వ్యుత్పత్తి: ఈ ధాతువు ఇంగ్లీషువారి సొంతం కాదు. వైకింగులు ఇంగ్లండు మీద పడినప్పుడు వారి ‘టాక’ వెంట వచ్చింది. అంతకుముందు ఆ పని ‘నిమన్’ అనే ధాతువు చేసేది. దాన్ని ఇది వెళ్లగొట్టి స్థలం ఆక్రమించింది. తిమ్మిరెక్కినదాన్ని ‘నంబ్’ అంటారు కదా, అందులో ఆ పాత ధాతువు ఇంకా కొన ఊపిరితో ఉంది.

పూర్వపక్షం: ‘మా భాషలో ఇంత అరాచకం లేదు. కూర్చోవడానికి ఒక మాట, కొలవడానికి ఒక మాట, తినడానికి ఒక మాట’ అని చీనా విద్యార్థి అనవచ్చు.

సిద్ధాంతం: అనకూడదు. వారింట్లోనే ‘తా’ అనే ధాతువు ఉంది. రోమన్ లిపిలో ‘డి’ పెట్టి రాస్తారు గాని, పలికేది దాదాపు మన తకారమే. అసలు అర్థం ‘కొట్టు’. తా త్యెన్‌హ్వా అంటే ఫోన్ చేయడం. ఇక్కడ మనకూ వారికీ పేచీ లేదు, మనమూ ఫోన్ కొడతాం. కానీ తా సాన్ అంటే గొడుగు పట్టడం, తా యూ అంటే చేపలు పట్టడం, తా ష్వెయ్ అంటే నీళ్లు తోడటం, తా మావొయీ అంటే స్వెటర్ అల్లడం. గొడుగుకు, చేపకు, నూలుకు తగిలిన ఆ దెబ్బ ఏమిటో చెప్పగలవారు లేరు.

ఈ బాధ ఈనాటిది కాదు. సోంగ్ వంశకాలపు మహాపండితుడు ఒయాంగ్ శ్యూ (1007–1072) ‘కుయ్‌థ్యెన్‌లూ’ అనే గ్రంథంలో దీనిమీద విసుక్కున్నాడు. గొడుగూ చేపా నీళ్లూ ఆయన పట్టికలోనే ఉన్నాయి. పేరుమోసిన విద్వాంసులు కూడా అయినదానికీ కానిదానికీ ‘తా’ అంటున్నారని, నిఘంటువులు తిరగేసినా ఆధారం దొరకలేదని ఆయన ఫిర్యాదు. ఆ పట్టికలో ‘తా ఛ’ కూడా ఉంది. అప్పట్లో దానికి బండి తయారుచేయడమని అర్థం. ఇప్పుడు బీజింగ్‌లో ‘తా ఛ’ అంటే టాక్సీ పిలుచుకుని ఎక్కడం. అంటే మూలంలోని నాలుగో వాక్యం! ఇంగ్లీషు ‘టేక్’ చేసే పనిని అక్కడ చీనా ‘తా’ చేస్తోంది. ఒయాంగ్ శ్యూ గారు వింటే మళ్లీ ఒక అధ్యాయం రాసేవారు.

తాత్పర్యం: ఇలాంటి క్రియల్లో సొంత సరుకు తక్కువ. పక్కన కూర్చున్న నామవాచకం చెప్పినట్టు నడుచుకుంటాయి. కనుక వాక్యాన్ని తోకనుంచి చదవాలి. ముందు మాత్ర కనబడితే మింగడం దానంతటదే స్ఫురిస్తుంది.

అనుబంధం: ఆఫ్, ఇన్ వంటి ఉపాంగాలు చేరితే ఈ సూత్రానికి మరింత పదును పెట్టాలి. టేక్ ఆఫ్ అంటే చొక్కా విషయంలో విప్పడం, విమానం విషయంలో ఎగరడం. టేక్ ఇన్ అంటే దిక్కులేనివాణ్ని ఇంట్లో పెట్టుకోవడం, వదులైన జాకెట్టును బిగించి కుట్టడం, ఎదుటివాణ్ని మోసగించడం. ఒకే క్రియకు నాలుగు ఉపాంగాలు తగిలించి సరైనదానికి గుర్తు పెట్టమనడం చీనా ప్రశ్నపత్రాలకు పాత సరదా. దయ లేని సరదా అని నా అభిప్రాయం.

కళాశాల ప్రవేశం కోసం చీనాలో గావ్‌ఖావ్ పరీక్షకు కూర్చొనే పిల్లలారా, నోటుపుస్తకంలో ‘టేక్’ను ఒంటరిగా రాసుకోకండి, కుర్చీతోనో, మాత్రతోనో, టాక్సీతోనో కలిపి రాసుకోండి. ఇక ‘గెట్’ శబ్దానికి కూడా టీకా రాయమని మాత్రం నన్ను అడగవద్దు.