బంద్ పెట్టింది నువ్వే!

సర్కారు వెబ్‌సైట్లు ఈ మధ్య మర్యాద నేర్చాయి. ఫారం నింపుదామని తెరవగానే "దయచేసి మీ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను ఎనేబుల్ చేసుకొని మళ్లీ ప్రయత్నించండి" అని చేతులు జోడిస్తున్నాయి. ఆ 'దయచేసి'కి మురిసిపోకండి. అది నేరారోపణ. జావాస్క్రిప్ట్ అనేదొకటి ఉంది, దాన్ని నువ్వే బంద్ పెట్టావు, ఎందుకు పెట్టావని మేం నిలదీయడం లేదు, పోయి సరిచేసుకొని రా అని దాని అర్థం. వెనకట తాలూకా కచేరీలో గుమాస్తా తలెత్తకుండానే "నీ కాయితం సక్కగ లేదు, రేపు రా" అనేవాడు. ఏ కాయితమో, ఏం సక్కగ లేదో ఆయనకూ తెలియదు. ఇప్పుడు కంప్యూటర్ కనీసం నేరం పేరైనా చెబుతోంది. పాలనలో పారదర్శకత అంటే ఇదే కాబోలు.

ఈ నేరం కింద రోజూ పట్టుబడేవాళ్లను వరంగల్‌లో చూడాలంటే ఎనుమాముల మార్కెట్ దారిలోనో, కాకతీయ యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు దగ్గరో ఏదో ఒక నెట్ సెంటర్‌లో కాసేపు కూర్చుంటే చాలు. డిగ్రీ సీటు కోసం వచ్చిన పిల్లలు, స్కాలర్‌షిప్ గడువు ఈ రాత్రికే అని ఉరికొచ్చినవాళ్లు, ఆదాయ సర్టిఫికెట్‌వాళ్లు, భూమి కాగితాలవాళ్లు. 2025 సీజన్‌లో కాటన్ కార్పొరేషన్ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు కాబట్టి, ఫోన్లో వేలు ఆడని రైతులు కూడా ఈ వరసలోకి వచ్చి చేరారు.

మొన్న అట్లా ఒక సెంటర్‌లో గీసుగొండ వైపు నుంచి వచ్చిన ఒకాయనకు ఆపరేటర్ తెర మీది ఎర్రక్షరాలు చదివి వినిపించాడు. సైట్ పేరు ఎందుకులెండి.

"కాకా, జావాస్క్రిప్ట్ బంద్ ఉన్నదంటున్నది."

"నేనైతే ఏం బంద్ జెయ్యలే బిడ్డా. పొద్దుగాల మోటర్ బంద్ జేసిన, గంతే."

"నీది గాదు కాకా, నా కంప్యూటర్ల."

"మరి నువ్వెందుకు బంద్ జేసినవ్?"

ఆపరేటర్ దగ్గర జవాబు లేదు. అతనూ బంద్ చేయలేదు మరి. అదే కంప్యూటర్‌లో, అదే బ్రౌజర్‌లో, పక్క ట్యాబ్‌లో యూట్యూబ్ నడుస్తోంది. జావాస్క్రిప్ట్ లేకపోతే యూట్యూబ్ ఒక్క బొమ్మ కూడా ఆడించదు. అంటే నిందితుడి తరఫు సాక్షి అక్కడే కూర్చొని పాటలు పాడుతుండగా కేసు నడుస్తోందన్నమాట.

అసలు ఈ జావాస్క్రిప్ట్ ఏమిటంటే, 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజినీర్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో రాసిపడేశాడు. (పది రోజుల్లో మన దగ్గర ఫైలు ఒక బల్ల మీది నుంచి పక్క బల్ల మీదికి చేరితే ఉరుకులు పరుగుల కింద లెక్క.) జిల్లా ఎంచుకోగానే ఆ జిల్లా మండలాలను మాత్రమే చూపించడం, ఫోన్ నంబర్‌లో ఒక అంకె తగ్గితే అరవడం, మీట నొక్కగానే లెక్క కట్టడం లాంటివి దాని పనులు. బ్రౌజర్‌తో పాటే ఆన్‌లో వస్తుంది. ఆపాలంటే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌కు పోయి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో దూరి, సైట్ సెట్టింగ్స్ తెరిచి, కిందికి జారుతూ జారుతూ జావాస్క్రిప్ట్‌ను పట్టుకొని ఆపాలి. పొరపాటున చెయ్యి తగిలి జరిగే పని కాదు. ఫైర్‌ఫాక్స్ వాళ్లయితే 2013లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి సెట్టింగుల్లో ఆ టిక్కు గడినే పీకేశారు. మామూలు మనుషులు ఎన్నడూ తెరవని లోపలి పేజీకి పోతే తప్ప అందులో దాన్ని ఆపలేరు. అయినా ఫైర్‌ఫాక్స్‌లో తెరిచినవాడికీ తీర్పు ఒకటే: బంద్ పెట్టింది నువ్వే.

కావాలని ఆపుకునేవాళ్లు లేరని కాదు. నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ 2005 నుంచీ ఉంది. ఏ సైట్ చాటుగా ఏం నడుపుతుందోనని అనుమానం ఉన్నవాళ్లు పెట్టుకుంటారు. కానీ వాళ్లకు ఈ హితవు అక్కర్లేదు. ఏం ఆపారో, ఎక్కడ ఆపారో తెలిసే ఆపారు.

మరి మిగతావాళ్ల సంగతేమిటి? బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో ఈ లెక్క తీసింది. వచ్చినవాళ్లలో 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందలేదు. అందులో బ్రౌజర్‌లో ఆపేసుకున్నవాళ్లు, అసలు ఆ సౌకర్యమే లేనివాళ్లు కలిపి 0.2 శాతం. తక్కిన 0.9 శాతం మంది బ్రౌజర్లలో అంతా సవ్యంగానే ఉంది, స్క్రిప్టే వాళ్ల దాకా చేరలేదు. అంటే పదకొండు మంది నిందితుల్లో తొమ్మిది మంది ఏ పాపం ఎరగనివాళ్లు. అదీ బ్రిటన్‌లో. మబ్బు పడితే సిగ్నల్ మాయమయ్యే ఊళ్లలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

కిటుకు ఎక్కడుందంటే, ఆ ఎర్ర వాక్యం మీరొచ్చాక మీ బ్రౌజర్‌ను పరీక్షించి రాసింది కాదు. ఇట్లాంటి సైట్లలో అది పేజీలో ముందే ఉంటుంది. స్క్రిప్ట్ వచ్చి చేయాల్సిన మొదటి పని దాన్ని చెరిపేయడం. స్క్రిప్ట్ దారిలో ఎక్కడో ఆగిపోతే చెరిపే దిక్కు లేక వాక్యం అట్లాగే నిలబడుతుంది. ఎఫ్ఐఆర్ ముందే రాసిపెట్టుకొని, ఎవరొస్తే వాళ్ల పేరు ఎక్కించే పోలీస్ స్టేషన్ ఉన్నట్టు. నిజంగా స్క్రిప్టులు ఆపుకున్నవాళ్లకే కనపడేలా మాట రాసుకోవడానికి హెచ్‌టీఎంఎల్‌లో 1990ల నుంచే వేరే ట్యాగ్ ఉంది. అది వాడొచ్చు. కానీ అప్పుడు స్క్రిప్ట్ చేరనివాళ్లకు ఉత్త తెల్ల పేజీ కనిపిస్తుంది. తెల్ల పేజీ చూస్తే తప్పు ఆఫీసుదని జనం అనుకునే ప్రమాదం ఉంది కదా!

ఇక వాయిదాల మీద వాయిదాలు పడే ఈ కేసులను నిజంగా పరిష్కరించేది నెట్ సెంటర్ తమ్ముళ్లే. వాళ్లకొక వరస ఉంది. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కుతారు. దాచుకున్న పాత స్క్రిప్ట్‌ను పక్కకు నెట్టి బ్రౌజర్ అంతా కొత్తగా తెచ్చుకుంటుంది. కాకపోతే ఇన్‌కాగ్నిటో కిటికీ. అందులో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు కాబట్టి, ప్రకటనలను ఆపే బ్లాకర్ ఈ స్క్రిప్ట్‌ను కూడా ప్రకటన అనుకొని మింగిందేమో తేలిపోతుంది. తర్వాత బ్రౌజర్ మార్పు. తర్వాత వైఫై తీసేసి సొంత ఫోన్ హాట్‌స్పాట్. డేటా ఆదా కోసం ఒపెరా మినీ వాడే కస్టమరైతే ఫోన్ లాక్కొని క్రోమ్‌లో తెరుస్తారు. ఒపెరా మినీ పేజీని తన సర్వర్‌లో ముందే వండి పంపుతుంది, స్క్రిప్టులకు అందులో పెద్ద స్వేచ్ఛ లేదు.

అన్నిటికంటే నాకు ముచ్చటేసింది గడియారం. కాకా సైట్‌ను పక్కనున్న పాత కంప్యూటర్‌లో కూడా తెరవబోయి, ఆ ఆపరేటర్ తమ్ముడు ఏదో స్ఫురించినట్టు దాని తెర కింది మూలకు చూశాడు. తేదీ 2009 జనవరి అని ఉంది. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ యంత్రం కాలంలో వెనక్కి నడుస్తుంది. ఇవాళ్టి సైట్ల భద్రతా సర్టిఫికెట్లు దాని లెక్కన ఇంకా పుట్టనే లేదు. పుట్టని సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మదు, పేజీని గానీ స్క్రిప్ట్‌ను గానీ లోపలికి రానివ్వదు. తేదీ మార్చాడు. మూడు వంతుల సైట్లు దారికొచ్చాయి. కాకా సైట్ మాత్రం కదల్లేదు.

అప్పుడు ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరిచాడు. ఎర్ర గీతలు వరసగా దిగాయి. సైట్‌ను హెచ్‌టీటీపీఎస్‌కు మార్చిన మహానుభావులు లోపల స్క్రిప్ట్‌ను పిలిచే లైన్‌లో మాత్రం ఆ చివరి 'ఎస్' చేర్చడం మరిచిపోయారు. భద్రమైన పేజీలోకి భద్రం కాని స్క్రిప్ట్ రాబోతే ఏ మంచి బ్రౌజరైనా గడప దగ్గరే ఆపేస్తుంది. ఆపింది కాకా కాదు, తమ్ముడు కాదు. ఒక్క అక్షరం. "ఆఫీసోళ్లదే తప్పు కాకా" అన్నాడు తమ్ముడు. "గదెట్ల బిడ్డా, నన్నే చెయ్యమంటున్నది గద!" అన్నాడు కాకా. సర్కారు రాసిన మాట మీద ఆయనకున్న గౌరవం అది.

మరి సైట్ చేసినవాళ్లు పరీక్షించలేదా? ఎందుకు పరీక్షించరు! ఏసీ గదిలో, కొత్త ల్యాప్‌టాప్‌లో, సర్వర్‌కు కూతవేటు దూరంలో పరీక్షించారు. పెద్దసారు మీట నొక్కి ప్రారంభించారు, చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు. ఆ రోజు సైట్ మీదికి వచ్చింది సారు ఒక్కరే కాబట్టి సర్వర్ కూడా ఖుషీగా ఉంది. చివరి తేదీ రాత్రి జిల్లా జిల్లా అంతా ఒక్కసారి మీద పడితే స్క్రిప్ట్ ఎక్కడ చిక్కుకుంటుందో చూడ్డానికి సారు ఉండరు. కొన్ని సైట్ల అడుగున ఇప్పటికీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే చక్కగా కనిపించునని రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దానికి 2022 జూన్ 15న మంగళం పాడింది. పెద్దకర్మ కూడా అయిపోయిన మనిషిని పెళ్లికి పెద్దగా పిలవడం మన సైట్లకే చెల్లింది.

ఇదేమన్నా కొత్తగా కనిపెట్టాల్సిన విద్యనా అంటే అదీ కాదు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 1999 మేలోనే చెప్పింది: స్క్రిప్టులు ఆపినా, బ్రౌజర్‌కు అవి చేతకాకపోయినా పేజీ వాడుకునేలా ఉండాలని. అదీ మొదటి ప్రాధాన్యంలో. తర్వాతి నియమావళిలో ఆ పట్టు సడలింది కానీ, బ్రిటన్ సర్కారు సైట్లు కట్టేవాళ్లకు ఇప్పటికీ ముందు ఒట్టి హెచ్‌టీఎంఎల్‌తో పని జరగాలి, సోకులన్నీ దాని మీదనే అని చెబుతారు. పేరు, ఊరు, సర్వే నంబరు రాసి పంపే ఫారానికి ఒక్క లైను జావాస్క్రిప్ట్ కూడా అక్కర్లేదు. మొదటి తరం బ్రౌజర్లే ఆ పని చేశాయి. మన దగ్గర ఆ మూడు గళ్లకు ముందు కదిలే బ్యానరు, తిరిగే చక్రం, జారే ఫొటోలు ఎక్కుతాయి. చివరికి ఫారానికే చోటుండదు.

ఊళ్లో చేతనైనవాళ్లు లేరా? 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ, ఇక్కడే ఉంది. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచాయి. ఈ ఊరి పిల్లలు అమెరికా బ్యాంకులకు స్క్రిప్టులు రాసిస్తారు. పండుగ సెలవులకొచ్చి నాయిన ఆదాయ సర్టిఫికెట్ కోసం కూర్చుంటే మాత్రం వాళ్లకూ అదే ఎర్ర వాక్యం. "గిది కూడ రాదారా? మరి గన్ని లక్షలు పోసి ఏం సదివిచ్చిన?" అని నాయిన అడుగుతాడు. తప్పు సైట్‌దని చెబితే నమ్మడు. ఫెయిలైనప్పుడు ప్రశ్నపత్రం తప్పన్న కొడుకు మాటలు ఆయన చాలానే విని ఉన్నాడు.

కాబట్టి బాధ్యత గల పౌరుడిగా నేనొక విధానం ప్రతిపాదిస్తున్నాను. ఆరోపణ వాళ్లు మానరు గనక, రుజువు మనమే చూపించుకుందాం. ప్రతి దరఖాస్తుదారూ స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ దాఖలు చేయాలి: ఫలానా గ్రామ కాపురస్తుడనైన నేను జావాస్క్రిప్ట్‌ను ఆపలేదనీ, ఆపించలేదనీ, ఆపమని ఎవరినీ ప్రేరేపించలేదనీ, నా వారసులు గానీ హక్కుదారులు గానీ ఇకముందు ఆపబోరనీ, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చిన ప్రమాణపత్రం. నోటరీ ముద్ర తప్పనిసరి. ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు యూట్యూబ్ అయినా ఫర్వాలేదు. ఆర్ఐ గారు నెట్ సెంటర్‌కు స్వయంగా విచ్చేసి, పంచుల సమక్షంలో మూడు చుక్కలు నొక్కి, నాలుగు హద్దులతో సహా పంచనామా రాయాలి.

కాగితాలన్నీ స్కాన్ చేయించి, 200 కేబీ దాటకుండా పీడీఎఫ్ చేయించి, అదే వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్ మీట జావాస్క్రిప్ట్‌తో నడుస్తుంది. స్కానింగ్ చార్జీలు వేరే.