సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని కిటికీలు మూసుకుంటారా!

మా రోజుల్లో బస్తర్ గనుల ఊరు బచేలీ నుంచి విశాఖపట్నం రావాలంటే ఒక పగలంతా రైలుకి రాసిచ్చెయ్యాల్సిందే. పొద్దున్నే కిరండూల్‌లో బయల్దేరిన ప్యాసింజరు దంతెవాడ, గీదం, జగదల్‌పూర్ దాటి, జైపూర్, కోరాపుట్ మీదుగా సాయంత్రానికి అరకు చేరేది. ఆ తర్వాత అనంతగిరి కొండలు, వరసగా సొరంగాలు. కొత్తవలస-కిరండూల్ లైను మొత్తమ్మీద 58 సొరంగాలున్నాయి. పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెడుతూ, ఎక్కడో లెక్క తప్పి, నువ్వంటే నువ్వని కొట్టుకునేవారు. శిమిలిగుడ స్టేషన్ ఉన్నది సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున. అక్కణ్ణుంచి రైలు దిగడం మొదలుపెడితే శృంగవరపుకోట దాటేసరికి గాలిలో తేమ తెలిసేది, ఒంటికి చొక్కా అంటుకునేది. "ఇంక వచ్చేశాం, సంచులు సర్దండి" అనేవారు పెద్దవాళ్లు.

ఇప్పుడు రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. మధ్యాహ్నం ఎక్కి, రాత్రి అన్నం తిని పడుకుంటే తెల్లవారుజామున విశాఖలో లేస్తున్నారు. కొండలన్నీ నిద్రలోనే పోతున్నాయి. రోగిని తీసుకొచ్చేవాళ్లకి ఆ బండి దేవుడే, కాదనను. ఊరికే వచ్చేవాళ్లకి ఏం తొందర? పగటి బండికి పెద్ద పెద్ద అద్దాల పెట్టెలు తగిలించారు గానీ, అవి అరకు వరకే. అరకు అవతల చూడ్డానికి ఏముందనుకున్నారో మరి.

ప్రయాణం సంగతి ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే, ఊళ్లోకి వచ్చిన తీరే ఊళ్లో ఉండే తీరూ అవుతోంది. కళ్లు మూసుకుని వస్తున్నారు, వచ్చాక తలుపులు మూసుకుంటున్నారు.

బస్తర్‌కీ విశాఖకీ బంధం వేసింది ఇనప రాయి. బైలాడీలా గుట్టల్లోని రాయిని జపాన్‌కి పంపడం కోసం 1960లలో ఈ లైను వేశారు. 1968లో కిరండూల్ వైపు గని మొదలైంది, 1977లో మా బచేలీ గని. ఆ రాయిని మోసే పెద్ద ఓడలు ఆగడానికే విశాఖలో 1976 నాటికి ఔటర్ హార్బర్ కట్టారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా బోటివాళ్లం పనికోసం పైకెక్కాం. రాయి కిందికి, మేం పైకి. అప్పట్లో బస్తర్ జిల్లా ఒక్కటే కేరళ రాష్ట్రం కంటే పెద్దది. రాజధాని ఎక్కడో భోపాల్‌లో. 2000లో ఛత్తీస్‌గఢ్ వచ్చి రాయ్‌పూర్ రాజధాని అయ్యాక కూడా మాకు పెద్దూరంటే విశాఖే. జబ్బు ముదిరితే కేజీహెచ్ ఆస్పత్రి, పిల్లాడు ఇంటర్ పాసైతే విశాఖలో కాలేజీ, పెళ్లి కుదిరితే బట్టలూ బంగారమూ విశాఖలోనే. రిటైరైతే ఎక్కడుంటావని అడిగితే షిఫ్టులో సగంమంది నోట విశాఖ మాటే.

గీదం దగ్గర పల్లెవాడు, నాతోపాటు డంపర్ల షెడ్డులో పనిచేసినవాడు ఒకడుండేవాడు. చిత్రకోట దగ్గర వానాకాలంలో ఇంద్రావతి దూకడం చూస్తూ పెరిగినవాడు, నీళ్లకి బెదిరే రకం కాదు. అతన్ని మొదటిసారి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే దూరంగా లంగరేసిన ఓడల్ని చూపించి, "వీటిలో మన రాయి ఏ ఓడలో ఉంది?" అని అడిగాడు. పొద్దు పోయేదాకా కదల్లేదు. ఏ ఓడ లోపలికెళ్తోంది, ఏది బయటికొస్తోంది, ఎవరు తోలుతున్నారు, అన్నీ కావాలి అతనికి. అక్కడి జాలర్లతో సగం తన హల్బీ భాషలో, సగం చేతులతో మాట్లాడేశాడు. వాళ్లూ విసుక్కోకుండా చెప్పారు. ఊరికొచ్చినవాడంటే అలా ఉండాలి.

ఇప్పుడు జగదల్‌పూర్ నుంచీ, కిరండూల్ నుంచీ వచ్చి మధురవాడలోనో ఎండాడలోనో ఫ్లాటు కొంటున్నారు. సముద్రం కనిపించే వైపుకి లక్షలు ఎక్కువ పోస్తారు. దిగిన నెలకి మొదలు: ఉప్పగాలికి గ్రిల్లు తుప్పు పడుతోంది, చెమట ఆగడం లేదు, కిటికీ వెయ్యి, ఏసీ వెయ్యి. ఆ కిటికీకేనా నాయనా డబ్బు పోసింది? విశాఖలో చెమట పట్టకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం డాబా ఎక్కి అరగంట కూర్చుంటే ఆ గాలే ఆరబెడుతుంది. వీళ్లేమో డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టిస్తున్నారు.

చేపల మాట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. బచేలీ సంతలో మాకు సముద్రమంటే ఎండుచేపలే. గోనెపట్టా మీద ఎండు నెత్తళ్లు పోసుకుని కూర్చునేవాళ్లు. ఇప్పపువ్వు అమ్ముకున్న డబ్బుతో కొండమీది వాళ్లు గుప్పెడు గుప్పెడు కొనుక్కెళ్లేవారు. పచ్చి వంజరం ఎప్పుడైనా ఐసులో పడి రైల్లో వస్తే కాలనీ అంతా తెలిసిపోయేది. అలాంటి చోట బతికినవాడికి ఫిషింగ్ హార్బర్ పక్కన ఇల్లంటే ఎంత భాగ్యం! తెల్లారేసరికి బోట్లు ఒడ్డుకొస్తాయి, పాట మొదలవుతుంది, వంజరాలు, చందువలు, కవళ్లు, రొయ్యలు గుట్టలుగా పడతాయి. జాలారి ఆడవాళ్లతో బేరమాడాలి. ఒకసారి మొహం తెలిశాక వాళ్లే చెబుతారు, "ఇయ్యాల ఒద్దు బాబూ, రేపు రా, మంచియి వస్తాయి" అని. ఆ మాటకి వెల కట్టగలమా? మా మనవడేమో ఫోన్లో నొక్కుతాడు. ముక్కలు కోసిన డబ్బా గుమ్మానికొస్తుంది. అది ఏ చేపో, ఏ రోజు పట్టిందో వాడికి తెలీదు. "వాసన తాతయ్యా, హార్బర్‌కి నేను రాను" అంటాడు. వాడి నాన్న చిన్నప్పుడు బచేలీ ప్లాట్‌ఫారం మీద ఐసు పెట్టె కోసం ఎదురుచూసినవాడే!

వన్ టౌన్ వైపు ఇంకో బాధ ఉంది. రేవు వైపు నుంచి బొగ్గు పొడీ, ఇనప రాయి పొడీ గాలికి లేచి డాబాల మీద పడుతుంది. ఆరేసిన బట్టలు నల్లబడతాయి, పిల్లలకి దగ్గు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఆ రాయిని తవ్విన చేతులు మావి, ఆ జీతంతో ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లం మేం. కొండమీంచి దిగినవాళ్లం వాళ్ల పక్కన నిలబడి అడగొద్దా? కొత్తగా వచ్చినవాళ్లకి వన్ టౌన్ ఎటువైపుందో కూడా తెలీదు. ఫ్లాటు నుంచి మాల్, మాల్ నుంచి ఫ్లాటు.

ఆదివారం సాయంత్రం బీచ్‌కి వస్తారు, వస్తారు. ఫోటో దిగి, మురీ మిక్స్చర్ తిని, పొట్లం ఇసకలో పారేసి పోతారు. పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కదా, ఆ వేళ రమ్మనండి. ముసలీ ముతకా అంతా అక్కడే ఉంటాం. నేను విశాఖలో సంపాదించుకున్న స్నేహాలన్నీ ఆ రోడ్డు మీదివే.

పండగల విషయంలోనూ అంతే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అప్పూఘర్ దగ్గర సముద్రస్నానం చేసి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి రావాలి. లక్షల జనం, దారి పొడుగునా మంచినీళ్లు, పులిహోర చేతిలో పెట్టేవాళ్లు. మా అపార్ట్‌మెంట్లో బస్తర్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ రోజు ట్రాఫిక్ ఆగిపోయిందని సణుగుతారు. 75 రోజులు దసరా చేసే ఊరి పిల్లలు వీళ్లు! జగదల్‌పూర్‌లో దంతేశ్వరి రథం తాడు పట్టి లాగిన తాతల మనవలు! పోయినేడు ఒక్కడూ గుమ్మం దాటలేదు. ఈ ఏడు బచేలీ నుంచి మా పాత షిఫ్టువాళ్లు వస్తామని కబురు పెట్టారు. వాళ్లని వెంటబెట్టుకుని ప్రతి అంతస్తులో తలుపు తడతాను.